వెనకాల వచ్చేవాళ్ళను చూసి దారి ఎంచుకో

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

గేర్ సైకిళ్ళు కొని, కోడలినీ పిల్లల్నీ ఇద్దరు స్నేహితుల్నీ వెంటబెట్టుకుని కొండబాటలు తిరగాలని ఉందని రాశావు. చదివి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మన కొరాపుట్ నేల అందుకు పెట్టింది పేరు కావాల్సింది. ఊరే దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. కానీ మొదటి ఆదివారమే అందరినీ దేవమాలి ఎక్కిస్తానన్నావు చూడు, అది మాత్రం వద్దు నాయనా.

నీకు కాళ్ళలో సత్తువ ఉంది. కోడలు పెళ్ళయ్యాక సైకిల్ ముట్టలేదు. మొదటి రోజే ఒళ్ళు హూనమై, రాళ్ళ మీద భయపడితే రెండో ఆదివారం ఏదో ఒక పని చెప్పి ఇంట్లోనే ఉండిపోతుంది. పిల్లలూ అంతే. అందుకే గుంపులో ఎవరు అందరికంటే నెమ్మదిగా వస్తారో వాళ్ళకు సరిపడే దారే పట్టాలి. సిమిలిగుడ చుట్టుపక్కల నీలగిరి తోటల పక్కన బండిబాటలు ఉన్నాయి. పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు. కొన్ని వారాలు అక్కడే తిరగండి. పిల్లలు ఇంకాసేపు అంటుండగానే ఇంటికి మళ్ళండి.

ఇంకో సంగతి. ముందు పోయేవాళ్ళు చీలిక దారి దగ్గర ఆగుతారు, నీళ్ళు తాగుతారు, కబుర్లు చెప్పుకుంటారు. చివరి మనిషి ఆయాసపడుతూ వచ్చి చేరగానే 'పదండి' అని బయల్దేరతారు. అలసినవాళ్ళకు తప్ప అందరికీ విశ్రాంతి దొరుకుతుంది! చాలా గుంపులు ఇలాగే విడిపోవడం చూశాను. చివరి మనిషి వచ్చి, కాలు కింద పెట్టి, ఊపిరి నెమ్మదించాకే విరామం మొదలైనట్టు లెక్క. పంపు, స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు, బోల్టులు తిప్పే ఆరు పలకల అలెన్ కీలు పట్టుకుని అందరికంటే వెనక నువ్వే ఉండు. ముందు స్నేహితులు పోతారు.

సైకిళ్ళ మీద డబ్బు తగలేయకు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు కుదుపు తగ్గించే సస్పెన్షన్, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు, రెండంగుళాలకు పైబడిన గళ్ళ టైర్లు, ఇవి ఉంటే మన దారులకు చాలు. సైజు విషయంలో మాత్రం రాజీ పడకు. ఎదుగుతాడు కదా అని పిల్లాడికి పెద్ద సైకిల్ కొనేస్తారు. కాలు నేలకు అందకపోతే వాడు రాళ్ళను కాదు, ఆ సైకిల్‌నే చూసి భయపడతాడు. వేళ్ళు బ్రేకుకు అందుతున్నాయో లేదో కూడా చూడు. చాలా బ్రేకు లివర్లకు ఓ చిన్న స్క్రూ ఉంటుంది. అది తిప్పితే లివరు హ్యాండిల్ దగ్గరికి వస్తుంది. చిన్న చేతులవాళ్ళకు అది పెద్ద సాయం.

గాలి సంగతీ అంతే. పంక్చర్ షాపులో రాయిలా బిగించి పంపిస్తారు. తారు రోడ్డుకు అది బాగానే ఉంటుంది. కొండబాటలో గులకరాళ్ళ మీద అదే టైరు ఎగిరెగిరి పడుతుంది, పట్టు దొరకదు. ట్యూబున్న టైరులో పెద్దవాళ్ళకు 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూడు, పిల్లలకు ఇంకాస్త తక్కువ. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి.

కొండ ఎక్కడం ఎవరికైనా వస్తుంది, లేకపోతే దిగి నడిపించుకుంటారు. నడవడంలో నామోషీ ఏమీ లేదని పిల్లలకు ముందే చెప్పు. నేర్పాల్సింది సైకిల్ మీద కొండ దిగడం. సీటు దించి, దాని మీంచి లేచి, రెండు పెడళ్ళూ నేలకు సమానంగా పెట్టి నిలబడమను. మోకాళ్ళు, మోచేతులు వదులుగా ఉండాలి. ఒక్కో లివరు మీద ఒకటే వేలు, మిగతా వేళ్ళు హ్యాండిల్‌ను పట్టుకోవాలి. చూపు చక్రం ముందున్న రాయి మీద కాదు, పోవాల్సిన దారి మీద. వేగం మలుపులోకి రాకముందే తగ్గించుకోవాలి. మొరం మీద మలుపు మధ్యలో ముందు బ్రేకు గట్టిగా నొక్కితే ముందు చక్రం జారిపోతుంది. అలాగని వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకోవడమూ తప్పే, ఆపే బలం ఎక్కువగా ముందు దానిదే. 1970ల్లో కాలిఫోర్నియాలో టామల్‌పైస్ కొండకు దగ్గర్లోని ఓ దిగుడు బాటలో పాత సైకిళ్ళతో పందేలు వేసుకున్నవాళ్ళకు, వెనక చక్రం ఇరుసు దగ్గరుండే హబ్బు బ్రేకు వేడికి లోపలి గ్రీజు పొగలై పోయేదట. ఇప్పటి డిస్కులైనా పొడుగాటి దిగుడులో నొక్కిపట్టి ఉంచితే వేడెక్కుతాయి. నొక్కి వదిలి, నొక్కి వదిలి దిగాలి. మా వీధి చివర పల్లంలో కోడలిని పదేపదే దింపించి, ఆ తర్వాతే కొండకు తీసుకెళ్ళు.

హెల్మెట్ లేని తల బయల్దేరకూడదు. గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పగుళ్ళు కనబడకపోయినా మార్చేయాలి. ఇందులో చర్చ లేదు.

ఈ దారులు మన సరదా కోసం వేసినవి కావు. పరజా, గదబ, కోంధు గిరిజనుల ఊళ్ళవాళ్ళు పొలానికీ సంతకూ నడిచే బాటలు. శుక్రవారం కుందులి సంతకు బరువులు మోసుకుంటూ వస్తారు, ఆ రోజు అటు పోవద్దు. మిగతా రోజుల్లో ఎదురైతే మనమే దిగి పక్కకు జరిగి, వాళ్ళు నమస్కారానికి అనే 'జుహార్' అనాలి. కోతలప్పుడు చోళ్ళు (రాగులు) ఆరబోసి ఉంటే సైకిల్ ఎత్తుకుని చుట్టూ తిరిగి వెళ్ళాలి. వానాకాలంలో ఎర్రమట్టి టైరుకు అట్టకట్టి చక్రమే తిరగదు, పైగా బాట గాడి పడి పాడవుతుంది. వానలు వెనకబట్టాకే మొదలుపెట్టండి. చలికాలం పొద్దున్నే పొట్టంగి వైపు మంచు దట్టంగా ఉంటుంది, అది విడాకే బయల్దేరండి. మలేరియా ఉన్న చోటు కనుక చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండి, కొండల్లో ఫోను అందదు.

జయపురంలో సైకిళ్ళు కొనే ముందు కోడలినీ పిల్లల్నీ షాపుకు తీసుకెళ్ళి ఎక్కించి చూడు. వచ్చాక సీట్లు నేను సరిచేస్తాను. మంచి అలెన్ కీల సెట్టు ఒకటి తెచ్చుకో, నా దగ్గరున్నవి అరిగిపోయాయి.

మీ పెదనాన్న
సిమిలిగుడ