సర్క్యూట్లు నేర్చుకోవడానికి ఫోన్‌లో ఏ యాప్ మంచిది?

పాలిటెక్నిక్‌లో చేరాను, పుస్తకంలో సర్క్యూట్లు బుర్రకెక్కడం లేదు, ఫోన్‌లో నేర్చుకునే యాప్ ఏదైనా ఉందా అని అడిగారు. నేనూ డిప్లొమా చదివినవాణ్నే, కాబట్టి నాకు పనికొచ్చినవే చెప్తాను.

మొదట ఫెట్ (PhET) వాళ్ల 'సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ డీసీ' చూడండి. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లది. బ్రౌజర్లోనే ఉచితంగా ఆడుతుంది.

రెండో ఏడాది దాకా నాకో పిచ్చి నమ్మకం ఉండేది. సిరీస్‌లో రెండు బల్బులు పెడితే మొదటిది కొంత కరెంటు తినేసి, మిగిలింది రెండోదానికి వదులుతుందని. ఓమ్ సూత్రం లెక్కలు మాత్రం తప్పు లేకుండా చేసేవాణ్ని! ఫెట్‌లో బ్యాటరీకి రెండు బల్బులు కలిపి చూస్తే, నీలం గుండ్లలా కనిపించే ఎలక్ట్రాన్లు బల్బుకు ముందూ వెనకా ఒకే వేగంతో కదులుతున్నాయి. కరెంటు కొలిచే అమ్మీటర్ ఎక్కడ పెట్టినా అదే రీడింగ్. మూడో బల్బు కలపగానే లూప్ మొత్తం నెమ్మదించింది. ఆ రోజుతో ఆ భ్రమ వదిలింది. బ్యాటరీ రెండు కొసల్నీ ఒక వైరుతో కలిపి కూడా చూడండి, మంటలొస్తాయి. అది ఫోన్‌లోనే చేయండి బాబూ.

తర్వాత ఎవ్రీసర్క్యూట్. పూర్తిగా వాడాలంటే డబ్బు కట్టాలి. ఛార్జిని దాచుకునే కెపాసిటర్ నాకు అర్థమైంది దీంతోనే. 9 వోల్టుల బ్యాటరీ, 10 కిలోఓమ్ రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో పెట్టి ఆన్ చేస్తే కెపాసిటర్ వోల్టేజ్ గీత మొదట గబగబా లేచి, పోనుపోను మెల్లబడుతుంది. 10 సెకన్లకి 5.7 వోల్టుల దగ్గరుంటుంది. సర్క్యూట్ నడుస్తుండగానే రెసిస్టర్ విలువ తిప్పి చూడొచ్చు, అసలు మజా అక్కడే.

రెసిస్టర్ మీది రంగు గీతల్ని బట్టి దాని విలువ లెక్కగట్టడానికి ఎలక్ట్రోడ్రాయిడ్ యాప్ చాలు. బ్రౌజర్లో సర్క్యూట్లు నడిపి చూపించే ఫాల్‌స్టాడ్ సిమ్యులేటర్ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ఫోన్‌లో వేలు పెట్టలేం, ల్యాప్‌టాప్‌లో తెరవండి.

ఒక్క మాట. యాప్‌లో లూజ్ కాంటాక్ట్ ఉండదు. రెండు ట్రాన్సిస్టర్లతో ఎల్ఈడీలు మార్చి మార్చి వెలిగే సర్క్యూట్ యాప్‌లో చక్కగా ఆడింది. కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు కొనుక్కొచ్చి బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా సామాన్లు గుచ్చి సర్క్యూట్ కట్టే బోర్డు) మీద పెడితే ఒక ఎల్ఈడీ అసలు వెలగలేదు. రెండు ట్రాన్సిస్టర్లు మార్చాను, రాత్రి పన్నెండైంది, ఒకటే టెన్షన్. చివరికి వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ పెడితే బోర్డు సగం నుంచి అవతలికి సప్లయ్ లేదు. కొన్ని పొడుగు బ్రెడ్‌బోర్డుల్లో అంచున ఉండే సప్లయ్ వరస మధ్యలో తెగి ఉంటుంది. పక్కన ఎర్ర గీత కూడా సరిగ్గా అక్కడే తెగి ఉంది, నేనే చూసుకోలేదు. చిన్న వైరు ముక్కతో రెండు సగాలూ కలిపితే రెండూ మార్చి మార్చి వెలిగాయి.

కాబట్టి యాప్‌తో పాటు ఒక చవక మల్టీమీటర్ కూడా కొనుక్కోండి. యాప్‌లో చేసిన ప్రతి సర్క్యూట్‌నీ చేత్తో ఒకసారి కట్టి, అక్కడ చూపించిన వోల్టేజ్ ఇక్కడ వస్తుందో లేదో కొలిచి చూడండి.