నల్లగొండలో ఉండి యూఎక్స్ డిజైన్ నేర్చుకోవచ్చా? ముందు ఒక అట్టముక్క కొనుక్కోండి

అడిగిన ప్రశ్న ఇది: "బీకాం కంప్యూటర్స్ అయిపోయింది. ఉండేది నల్లగొండ. యూఎక్స్ డిజైన్ నేర్చుకోవాలంటే అమీర్‌పేట పోయి హాస్టల్‌లో ఉండాలా, ఇక్కడే ఉండి నేర్చుకోవచ్చా? ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?"

ఇక్కడే ఉండి నేర్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెప్తా, నేర్చుకునే వరుసలో దాని చోటు అదే. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన పిల్లగానికి మొదటి రోజే లేత్ మెషీన్ అప్పజెప్పరు. వైస్‌కు ఇనుప ముక్క బిగించి, చేతికి ఫైల్ (ఆకురాయి) ఇచ్చి, ట్రై స్క్వేర్ (మూలమట్టం) పెడితే వెలుతురు సందు కనబడకుండా అయ్యేదాకా రుద్దమంటారు. చేయి నొప్పి పుడుతుంది, కానీ చదును అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. యూఎక్స్ కూడా అట్లాంటి చేతిపనే. యూఎక్స్ అంటే "యూజర్ ఎక్స్‌పీరియెన్స్", వాడే మనిషి అనుభవం. ఆ మాటను 1993లో ఆపిల్‌లో డాన్ నార్మన్ అనే డిజైన్ నిపుణుడు తన ఉద్యోగం పేరులో పెట్టుకున్నప్పటి నుంచి దాని చుట్టూ పెద్ద పెద్ద మాటలు చేరాయి గానీ, లోపలున్న పని ఒకటే: ఒక మనిషి ముందు స్క్రీన్ పెట్టి, ఆయన ఎక్కడ ఆగుతున్నాడో చూసి, అక్కడ మార్చడం. ఇన్‌స్టిట్యూట్లలో ఎక్కువగా చెప్పనిది ఇదే. ఎంపతీ మ్యాప్ (వాడే మనిషి ఏమనుకుంటాడో ఊహించి గీసే పటం) గీయిస్తారు, పర్సోనాకు (ఊహించుకున్న వాడకందారుకు) ఇంటర్నెట్‌లోంచి ఒక ఫొటో అతికించి "రమేష్, 34, రైతు" అని రాయిస్తారు. ఆ రమేష్‌ను ఎవరూ చూసి ఉండరు. మీరు మాత్రం మార్కెట్ యార్డుకు పోయి పది మంది రైతులను పొద్దున్నే చూడొచ్చు. అమీర్‌పేటలో రూము కిరాయి కట్టేటోనికి ఆ వసతి లేదు.

ఒక ఉదాహరణ మొత్తం చెప్తా, అప్పుడు ఏం నేర్చుకోవాలో తెలుస్తుంది. ట్రాక్టర్ కిరాయికి బుక్ చేసుకునే యాప్ ఒకటి గీయాలనుకోండి. నాలుగు స్క్రీన్లు: భూమి ఎంత, ఏం పని, ఏ రోజు, ఖాయం చేయడం. ఏ4 కాగితం తీసుకుని 7 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు గడులు గీయండి. మామూలు ఫోన్ తెర దాదాపు అంతే ఉంటుంది. చాలామంది కాగితం నిండా పెద్దగా గీస్తారు. పెద్దగా గీస్తే అన్నీ పడతాయి, అసలు సైజులో గీస్తేనే ఏది పట్టదో తెలుస్తుంది. బటన్ ఎత్తు 9 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. తాకే బటన్లకు ఆండ్రాయిడ్ చెప్పే 48 డీపీ (తెర మీద వాడే కొలత) అంటే సుమారు అంతే. పార పట్టిన బొటనవేలికి అంతకన్నా చిన్నది అందదు. చెప్పుల డబ్బా అట్టలో ఫోన్ ఆకారం కోసి, దాని వెనక కాగితాలు జరిగేట్టు చీలిక పెట్టండి. తప్పు కొడితే వచ్చే ఎర్ర అక్షరాల మెసేజ్‌కు కూడా వేరే కాగితం ఉండాలి. అది గీయకుండా పోతే టెస్ట్ మధ్యలో "ఇక్కడ ఎర్రర్ వస్తదన్నా" అని నోటితో చెప్పాల్సి వస్తుంది, ఇక ఆ టెస్ట్ పోయినట్టే.

ఈ కాగితాలను రైతు ముందు పెట్టి, ఆయన ఎట్లా వాడతాడో చూడటమే టెస్ట్. దానికి మీ వైపు ముగ్గురు కావాలి. ఒకరు మాట్లాడతారు, ఒకరు కంప్యూటర్ పాత్ర వేసి నోరు మెదపకుండా కాగితాలు మారుస్తారు, ఒకరు రాసుకుంటారు. పని చెప్పే వాక్యం ముందే రాసి పెట్టుకోండి: "మీ చెలక రెండెకరాల ముప్పై గుంటలు. ఎల్లుండి దున్నియ్యాలె. ఇండ్ల ఎట్ల చేస్తరో చేసి చూపెట్టుండ్రి." ఆ వాక్యంలో స్క్రీన్ మీదున్న మాట ఒక్కటీ ఉండొద్దు. బటన్ మీద "బుక్ చేయండి" అని రాసి, నోటితోనూ "బుక్ చేయండి" అంటే ఆయన అక్షరాలు జత కలుపుతాడంతే.

ఇప్పుడు మొదటి స్క్రీన్. "భూమి విస్తీర్ణం (ఎకరాల్లో)" అని ఒకటే గడి. టెస్ట్‌కు కూర్చున్న పెద్దాయన పెన్ను తీసుకుని 2.30 అని రాస్తాడు. పట్టాదారు పాస్‌బుక్‌లో అట్లనే ఉంటుంది మరి, చుక్కకు అవతల ఉన్నవి గుంటలు. కంప్యూటర్ మాత్రం దాన్ని దశాంశం అనుకుంటుంది. 40 గుంటలకు ఎకరం కాబట్టి 2 ఎకరాల 30 గుంటలంటే 2.75. ఎకరానికి 1,500 రూపాయల కిరాయి అనుకుంటే యాప్ 3,450 చూపిస్తుంది, ట్రాక్టర్ ఆయన 4,125 అడుగుతాడు. 675 రూపాయల కోసం గెట్టు మీద కొట్లాట. ఇంకో తమాషా: రెండెకరాల ఐదు గుంటలను ఒకరు 2.05 అని, ఇంకొకరు 2.5 అని రాస్తారు. మూడో మనిషి అసలు అంకెల జోలికే పోకుండా "పావు తక్కువ మూడెకరాలు" అంటాడు. ముగ్గురిదీ తప్పు కాదు, గడిది తప్పు.

మొదటిసారి నేర్చుకునేవాళ్లు దీన్ని సరిచేసే తీరు చూడండి. గడి లోపల లేత బూడిద రంగులో "ఎకరాలు.గుంటలు" అని రాస్తారు. టైప్ చేయడం మొదలుపెట్టగానే ఆ అక్షరాలు మాయమవుతాయి, అవసరమైన సమయానికి ఉండవు. పైగా ఏప్రిల్ ఎండలో పాలమూరు చెలకలో నిలబడితే లేత బూడిద రంగు అసలు కనబడదు. తెల్ల నేపథ్యం మీద #999999 అనే కోడ్ ఉన్న లేత బూడిద అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా) 2.85 మాత్రమే. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణం చెబుతుంది. కాస్త ముదురు బూడిద #767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. బయట వాడే యాప్‌కు అంతకన్నా ముదురు పెట్టండి.

పనిచేసే మార్పు ఇది. రెండు గడులు, ఎకరాలకు ఒకటి, గుంటలకు ఒకటి, పేరు గడి పైన శాశ్వతంగా ఉండాలి. చుక్క లేని అంకెల కీబోర్డు రావాలి. గుంటల గడి ఖాళీగా వదిలితే సున్నా అనుకోవాలి, "తప్పనిసరి" అని ఎర్రగా అరవొద్దు. 40, ఆపైన కొడితే "గుంటలు 39 దాకే. 40 అయితే ఒక ఎకరం" అని చెప్పాలి. "చెల్లని విలువ" అని రాస్తే ఆ మనిషికి ఏం అర్థమవుతుంది? కింద పెద్ద అక్షరాల్లో "2 ఎకరాల 30 గుంటలు" అని ఆయన మాటల్లోనే తిరిగి చదివి చూపించాలి. ఉద్యోగానికి చూపించే పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనుల కట్టలో) పెట్టే కేస్ స్టడీ అంటే ఇదే: మొదటి గడి, దాని మీద పడిన మూడు రకాల రాతలు, పనిచేయని సవరణ, పనిచేసిన సవరణ. ఒక పేజీ చాలు.

రెండో స్క్రీన్‌లో ఇంకో గొడవ ఉంటుంది, మాటల గొడవ. తెలుగు యాప్‌లలో "మెట్ట", "మాగాణి" అని కనబడుతుంది. మన దగ్గర చెలక, పొలం. పొలం అంటే వరి మడే ఇక్కడ. నాటుకు ముందు చేసేది కరిగెట, దాన్ని "దమ్ము" అని రాస్తే దేవరకొండ వైపు ముసలాయన రెండుసార్లు చదువుతాడు. "సమర్పించండి" అనే బటన్ మాట ఎవరు కనిపెట్టారో గానీ, గుడిలో కొబ్బరికాయ సమర్పించినట్టుంటుంది. "పంపు" అనండి, "బుక్ చెయ్యి" అనండి. ఇక పేరు గడులు: "మొదటి పేరు", "చివరి పేరు". ఇంటిపేరు ముందు రాసుకునే మనిషి మొదటి పేరు గడిలో ఇంటిపేరే రాస్తాడు, తర్వాత ఆధార్‌తో కలవడం లేదని వెనక్కొస్తుంది. "ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు" అని ఒకటే గడి పెడితే పోయేదానికి ఇంత తంటా.

టెస్ట్ చెడిపోయే తీరులు కూడా తెలుసుకోండి. మొదటిది మర్యాద. మీరే గీశారని తెలిస్తే "మంచిగుంది బిడ్డా" అని భుజం తట్టి లేస్తాడు. "ఇది వేరేటోళ్లు చేసిండ్రు, తప్పులు పట్టమని మాకిచ్చిండ్రు" అని మొదలుపెట్టండి, నోరు తెరుచుకుంటుంది. రెండోది గుంపు. చాయ్ హోటల్ ముందు కాగితాలు పరిస్తే రెండు నిమిషాల్లో ఎనిమిది మంది చేరతారు, అందులో ఒకడు "గదే, గది నొక్కు" అంటాడు. మూల బెంచీ చూసుకోండి, రాసుకునే మనిషి గుంపుకు అడ్డంగా కూర్చోవాలి. మూడోది మీ నోరు. "ఇది నొక్కాల్నా?" అని ఆయన అడిగితే "మీకేమనిపిస్తంది?" అని ఆగండి. ఇరవై సెకన్లు నిశ్శబ్దంగా ఉండటం ఈ చదువులో అన్నిటికన్నా కష్టమైన పాఠం. నోట్స్‌లో "కన్ఫ్యూజ్ అయ్యాడు" అని రాయొద్దు. "గడి మీద వేలు పెట్టి తీశాడు, పాస్‌బుక్ జేబులోంచి తీశాడు" అని రాయండి. నాలుగోది మనుమడు. "నాకు రాదు, మా మనుమడు చేస్తడు" అంటే ఆయన్ను వదిలేయకండి. ఓటీపీ పోయేది తాత ఫోన్‌కు, యాప్ ఉన్నది హైదరాబాద్‌లో ఉన్న మనుమడి ఫోన్‌లో. ఆ ఇద్దరి మధ్య ఫోన్ కాల్ కూడా మీ డిజైన్‌లో భాగమే, ఓటీపీ గడువు 30 సెకన్లు పెడితే ఆ కాల్ కలిసే లోపే అయిపోతుంది.

ఎంతమందితో చేయాలి? ఐదుగురు అని అందరూ అంటారు. 1993లో జేకబ్ నీల్సన్, థామస్ లాండావర్ అనే పరిశోధకులు వేసిన లెక్క అది: ఒక్కో మనిషి దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడితే ఐదుగురితో 84, 85 శాతం తేలుతాయి. కానీ ఆ ఐదుగురూ ఒకే రకం మనుషులై ఉండాలి. రైతులు ఐదుగురు, ట్రాక్టర్ ఓనర్లు ఐదుగురు, వేర్వేరుగా. హాస్టల్ దోస్తులు ఐదుగురితో చేసి "టెస్టింగ్ అయింది" అని రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఐదుగురి తర్వాత మార్చి, మళ్లీ ఐదుగురు.

ఇక సాఫ్ట్‌వేర్. స్క్రీన్లు గీసే ఫిగ్మా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, నేర్చుకోవడానికి ఉచిత ప్లాన్ చాలు. ఓపెన్ సోర్స్ కావాలంటే అట్లాంటిదే పెన్‌పాట్ ఉంది. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. అందులో నేర్చుకోవాల్సిన పనిముట్లు ఫ్రేములు, ఆటో లేఅవుట్, కాంపోనెంట్లు, వేరియంట్లు, ప్రోటోటైప్ లింకులు: రోజుకు రెండు గంటలు కూర్చుంటే నెలలో చేతికి వస్తాయి. దీనికోసం వేలకు వేలు ఫీజు కట్టడం దండగ అని నా గట్టి అభిప్రాయం.

తెలుగు స్క్రీన్లు గీసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు వీడియోలు చెప్పనివి కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషుకు పెట్టిన లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) తెలుగుకు చాలదు, పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కదా. అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్లు పెట్టండి. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా చేయండి, ఇంగ్లీషు హెడ్డింగ్ స్టైల్ నుంచి మైనస్ విలువ మిగిలిపోతే అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. బటన్‌కు ఎత్తు బిగించొద్దు, ప్యాడింగ్ (మాట చుట్టూ ఖాళీ) ఇచ్చి లోపలి మాటను బట్టి పెరగనివ్వండి. పరీక్షకు "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి", "కృష్ణ" అని టైప్ చేసి చూడండి, ఒత్తు తెగితే అక్కడే తెలుస్తుంది. తెలుగులో క్యాపిటల్ అక్షరాలు లేవు, కాబట్టి హెడ్డింగును సైజుతో, మందంతోనే తేల్చాలి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌లో మందాలన్నీ ఉన్నాయి, ఉచితం.

డిగ్రీ కాగితం కావాలంటే దారి వేరు. మీకు డిగ్రీ ఉంది కాబట్టి ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) కోసం సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు, ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది, పరీక్ష జనవరిలో ఉంటుంది. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే బి.డెస్ (డిజైన్‌లో డిగ్రీ) కోసం యూసీడ్ పరీక్ష. వీటికి బొమ్మ గీయడం సాధన చేయాలి, ఫిగ్మా పనికిరాదు.

ఉద్యోగం గురించి సూటిగా: నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ 2023లో ఐటీ టవర్లు తెరిచారు గానీ, ఫ్రెషర్ డిజైనర్ మొదటి ఉద్యోగం కోసం హైదరాబాద్ చూడక తప్పదు. అప్పుడు పోర్ట్‌ఫోలియోలో ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్ పెట్టకండి, చాలామంది అదే పెడతారు. ఆ కంపెనీకి లోపల ఏ ఇబ్బందులున్నాయో మీకు తెలియదు, రంగులు మార్చడం తప్ప చేసేదేమీ ఉండదు. దానికి బదులు మార్కెట్ యార్డులో దడువాయి (తూకం వేసే మనిషి) కాంటా పెట్టిన దగ్గర్నుంచి రైతు చేతికి తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) వచ్చేదాకా ఒక పూట కూర్చుని చూడండి. ఏ అంకె ఎవరు రాశారు, తరుగు ఎక్కడ తీశారు, ఆ చీటీలో రైతు మొదట ఏ గడి చూశాడు. అది ఫోన్‌లోకి వస్తే ఎట్లుండాలో గీయండి. అట్లాంటివి రెండు చాలు.

టెస్ట్‌కు కూర్చున్న మనిషికి చాయ్ తాగించండి, ఇరవై నిమిషాలకు మించి ఆపకండి. ఫొటో తీసేముందు అడగండి. పోర్ట్‌ఫోలియోలో పెట్టేముందు ఆ ఫొటోలో పాస్‌బుక్ నంబరు, ఫోన్ నంబరు కనబడుతున్నాయేమో పెద్దది చేసి చూసి, ఉంటే నల్లగా చెరిపేయండి.