ఆయన అన్నదే అచ్చు వెయ్యి

అమ్మడూ,

రాజ్యసభలో ఆ పెద్దాయన ఈ ఏడాది చేసిన ప్రసంగాలన్నీ తెలుగులో పుస్తకంగా తెచ్చే పని నువ్వు ఒప్పుకున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సంతోషంలో చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడిచి వెళ్లి, కనిపించిన ప్రతి పాత స్నేహితుడికీ చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాల వారీగా పేర్చుకో, ప్రతి ప్రసంగానికీ తేదీ వెయ్యి. రాజ్యసభ వెబ్‌సైట్‌లో ముందు వచ్చేది దిద్దని ప్రతి, దాన్నే నమ్ముకుని కూర్చోకు. డబ్బు సగం ముందే తీసుకో, మొహమాటపడకు.

నా భయమంతా ఆయన పీఏ ఇచ్చే ఫైలు గురించే. అందులో ఉండేది ఆయన మాట్లాడాలనుకున్నది. సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్‌లో ఒక్కొక్కరికి దొరికేది 3 నిమిషాలు, ఆ తర్వాత మైకు ఆగిపోతుంది. కాగితం మీద నాలుగు పేజీలుంటే సభలో పలికింది ఒకటిన్నర కావచ్చు.

1990లలో నేను నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు చూసేవాణ్ణి. ఒక ఎంపీ గారి ప్రసంగాల పుస్తకం నా చేతికి వచ్చింది, పేరు వద్దులే. టైపు చేసిన కాగితాలు ఇచ్చారు, ఢిల్లీ నుంచి సభ అధికారిక రికార్డు తెప్పించుకోవాలంటే నెల పడుతుంది, ఫంక్షన్‌కేమో పది రోజులే ఉంది, ఇంకేం చూస్తాం అని ఉన్నది ఉన్నట్టు కంపోజింగ్‌కి ఇచ్చేశాను. అందులో వాళ్ల ఊరి చెరువు గురించి ఒక పేరా ఉంది. ఆ రోజు సభలో అక్కడిదాకా రాకముందే బెల్లు మోగింది, ఆయన కూర్చున్నారు. పుస్తకం ఊళ్లో పంచాక అవతలి పార్టీ వాళ్లు నిండు బహిరంగ సభలో రికార్డు ప్రతి పట్టుకుని, చెరువు మాట ఎక్కడుందో చూపించమన్నారు. మర్నాడు ఆయన ప్రెస్సుకి వచ్చారు. కోప్పడలేదు. "నేను అనలేదా? అన్నట్టే గుర్తుందయ్యా" అన్నారు. నేను వేసిన పుస్తకం చదువుకుని ఆయనే నమ్మేశారు తల్లీ. ఆ ముఖం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

రికార్డుల నుంచి తొలగించిన మాటలు ఎంత ఘాటుగా ఉన్నా ముట్టుకోకు. వీడియోలో వినిపించింది కదా అనకు. 1957లో పాట్నా సర్చ్‌లైట్ పత్రిక బీహార్ శాసనసభలో తొలగించిన భాగాలతో ప్రసంగం వేసి, సభా హక్కుల కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అక్కడ ఓడిపోయింది. మధ్యలో అడ్డుపడిన వాళ్ల మాటలు మాత్రం తీసెయ్యకు, అవి పోతే ఆయన జవాబు ఎవరికి చెప్పారో అర్థం కాదు.

నువ్వు ఇంటర్‌లో రికార్డు బుక్కు ఆఖరి రాత్రి రాసేదానివి, అందుకే ఇన్నిసార్లు చెప్తున్నాను. పెద్దాయన వయసు చూసి, ఆయన అడిగారని ఒక్క వాక్యం కలిపినా ఊరుకోను. కానీ నీ తెలుగు బాగుంటుంది, ఆయన మాటల్లో విసురు నువ్వైతేనే పట్టుకోగలవు.

మొదటి ప్రూఫు రాగానే ఆదివారం రా. నువ్వు పైకి చదువు, నేను రికార్డు ప్రతి ముందు పెట్టుకుని చూస్తాను. అత్తయ్య నీకోసం సర్వపిండి చేస్తానంది.

మీ పెద్దమామయ్య