మంచం కింద నుంచి బయటకు రాని కుక్క: సమాధానం

కొత్తగా తెచ్చుకున్న కుక్క పగలంతా మంచం కిందే ఉంటోందని, చేయి పెట్టి లాగితే గుర్రుమంటోందని అనంతపురం నుంచి అడిగారు. అది మొండితనం కాదు, భయం. రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి తింటోందన్నారు కదా, అంటే ఆకలి ఉంది, మీ మీద నమ్మకమే ఇంకా రాలేదు. చేయి పెట్టి లాగితే గుర్రుమనడం కూడా అందుకే. గుర్రుమందని తిట్టకండి. గుర్రుమనడం మానిపిస్తే ఈసారి చెప్పకుండా కరవొచ్చు.

1. మంచం కిందే దానికి వదిలేయండి. పాత దుప్పటి, నీళ్ల గిన్నె అక్కడే పెట్టండి. అనంతపురం ఎండలకు ఎలాగూ బండల మీదే పడుకుంటుంది, దుప్పటి ముట్టలేదని టెన్షన్ వద్దు.

2. చాలామంది చేయనిది ఇదే: దాన్ని పట్టించుకోకుండా ఉండటం. గదిలో పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి. కళ్లలోకి చూడొద్దు, పిలవొద్దు, చేయి చాపొద్దు. ఫోన్ చూసుకుంటూ ఉప్పు, కారం లేకుండా ఉడికించిన మెత్తటి చికెన్ ముక్క దాని వైపు వేయండి, అంతే. వచ్చి వాసన చూసినా కదలొద్దు. అప్పుడే ముట్టుకోవాలనిపిస్తుంది, అక్కడే పని చెడుతుంది. తనంతట తానే వచ్చి ఆనుకున్నాక ఛాతీ దగ్గర నిమరండి, తల మీద కాదు. వారాలు పట్టొచ్చు. కుక్కను చూస్తామనే చుట్టాలను అప్పటిదాకా ఆపండి.

3. గేటు వేసే ఉంచండి. బయటికి తీసుకెళ్తే హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేయండి, భయపడ్డ కుక్కలు మెడ బెల్టులోంచి వెనక్కి జారి పారిపోతాయి.

రాత్రి కూడా తినకపోయినా, వాంతులు, విరేచనాలు అయినా వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి.