కొత్త బ్యాటరీ వేసినా కారు తాళం పలకట్లేదు!

ప్రశ్న: మా కారుది బటన్ నొక్కి స్టార్ట్ చేసే స్మార్ట్ కీ. నెల రోజులుగా తలుపుకు దాదాపు ఆనించి నొక్కితేగానీ లాక్ తెరుచుకోవట్లేదు. వాచీల షాపులో బ్యాటరీ మార్పించాను, నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్లీ అదే తంతు. కొత్త కీ కొనమంటున్నారు, వేలల్లో చెబుతున్నారు. కొనక తప్పదా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అప్పుడే డబ్బులు తీయకండి. ముందు బీరువాలో పడి ఉన్న రెండో కీ తీసి, దాంట్లోనూ కొత్త సెల్ వేసి చూడండి (వాడకపోయినా సెల్ ముసలిదవుతుంది). అది దూరం నుంచే పనిచేస్తే కారు బాగానే ఉన్నట్టు, తేడా మీ చేతిలో ఉన్న కీలోనే. రెండూ మొరాయిస్తే కారు 12 వోల్టుల బ్యాటరీని చూపించండి.

ఇక సెల్ సంగతి. చాలా కీల్లో ఉండేది సీఆర్ 2032. కొలత ఆ అంకెల్లోనే ఉంది: 20 మి.మీ. వెడల్పు, 3.2 మి.మీ. మందం. సీఆర్ 2025 కూడా 3 వోల్టులే, వెడల్పూ అంతే, మందం మాత్రం 2.5. అందుకే 2032 లేనప్పుడు "ఇదీ సరిపోద్ది సార్" అని దాన్నే పెట్టేస్తారు. నాకూ అలాగే పెట్టారు. బల్ల మీద పెట్టి నొక్కితే పలికేది, జేబులో వేసుకుని నాలుగడుగులు నడిస్తే చచ్చేది. ఆ 0.7 మి.మీ. సందులో సెల్ కదిలిపోతోందని వారానికిగానీ నా బుర్రకు తట్టలేదు.

సైజు సరైనదే అయితే సెల్ పాత స్టాకేమో అనుమానించండి. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ 3 వోల్టులు చూపించిందని నమ్మేయకండి, నీరసించిన సెల్ కూడా ఊరికే కూర్చున్నప్పుడు అంతే చూపించి, బటన్ నొక్కి సిగ్నల్ పంపాల్సి వచ్చేసరికి చతికిలపడుతుంది. పిల్లలు మింగకుండా కొన్ని సెల్స్‌కి చేదు పూత వేస్తారు, ఒక్కోసారి ఆ పూతే కరెంటుకి అడ్డం, కొంచెం స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. కీ లోపల సెల్‌ని తాకే సన్నటి రేకులు అణిగిపోయి ఉంటే సూదిమొనతో వెంట్రుకవాసి పైకి లేపండి, గట్టిగా లాగితే ఊడి చేతికొస్తాయి!

నాలుగు రోజులకే అయిపోయిందంటే ఇంకో అనుమానం కూడా ఉంది. రబ్బరు బటన్ లోపలికి దిగి అక్కడే ఉండిపోతోందా? అలాగే కీని కారు పక్కనే గోడకు తగిలిస్తున్నారా? కొన్ని కార్లలో అంత దగ్గర ఉంటే కారు పిలుస్తూనే ఉంటుంది, కీ బదులిస్తూనే ఉంటుంది, ఆ కబుర్లకే సెల్ కరిగిపోతుంది. ఇవేవీ కాకపోతే లోపల టంకం (సోల్డరింగ్ అతుకు) విరిగిందేమో కీలు బాగుచేసేవాళ్లకు చూపించండి, చాలాసార్లు కొత్త కీ కన్నా బాగా తక్కువలో అయిపోతుంది.

ఈలోగా రోడ్డు మీద ఆగిపోతారని టెన్షన్ వద్దు. చాలా స్మార్ట్ కీల్లో ఓ పక్క నొక్కితే లోపలి నుంచి మామూలు తాళంచెవి వస్తుంది, తలుపు దాంతో తీయండి. బ్రేకు తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి, సెల్ పూర్తిగా చచ్చినా కీలోని చిప్‌కి కావలసిన కాస్త కరెంటు కారే ఇస్తుంది. కొన్ని కార్లలో ఆనించాల్సిన చోటు వేరే, మాన్యువల్‌లో ఉంటుంది.

తీసిన సెల్ టీపాయ్ మీద వదలకండి. పసివాళ్లు మింగితే రెండు గంటల్లోపే గొంతు లోపల కాలిపోవచ్చు, వాంతి చేయించాలని చూడకుండా నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.