గాలి ఆగిందని తలుపు తీయకు: మా తాతయ్య నేర్పిన పాఠం

పెద్దవాళ్ళు చెప్పినవి అప్పట్లో చాదస్తంగా అనిపించి, చాలా ఏళ్ళ తర్వాత పనికొచ్చిన సందర్భాలు ఎవరికైనా ఉన్నాయా అని అడిగారు. మీ నాన్నమ్మగారు పోయి ఆరు నెలలైందని, ఆవిడ బతికుండగా ఒక్క మాటా సరిగ్గా వినలేదన్న బాధ ఉందని కూడా రాశారు. ముందు ఆ బాధ గురించి చెబుతాను. మీరు వినే ఉంటారు. విన్నట్టు మీకింకా తెలియలేదు, అంతే. నాకు తెలియడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. 1996 నవంబరు 6న తుఫాను వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. బడి లేదని నాకు సంతోషం. తాతయ్య మాత్రం ఇంట్లో ఒక్క నిమిషం కూర్చోలేదు. బిందెలు, గాబు, చివరికి వంట గిన్నెలు కూడా నీళ్ళతో నింపించారు. పశువుల పలుపులు విప్పించారు. కట్టేసి ఉంటే అక్కడే చచ్చిపోతాయి, వదిలేస్తే వాటి దారి అవి చూసుకుంటాయన్నారు. మాది పెంకుటిల్లు. వెనక ఒక్క గదికి మాత్రం శ్లాబు వేసి ఉండేది. చీకటి పడేసరికి చుట్టుపక్కల తాటాకిళ్ళ వాళ్ళందరినీ ఆ గదిలోకి పిలిచారు. పిల్లా పెద్దా కలిపి పాతికమంది దాకా ఉన్నాం.

ఆ గదికి ఉత్తరం వైపు తలుపు, దక్షిణం వైపు చిన్న కిటికీ. రాత్రి గాలి పెరిగాక తలుపు గడియ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాకు భయంతో ఏడుపొచ్చేసింది. తాతయ్య నన్ను ఊరుకోబెట్టలేదు. చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, నా రెండు అరచేతులూ తలుపు చెక్కకి ఆనించారు.

"తోస్తోందా?"

"తోస్తోంది తాతయ్యా."

"ఎటు నుంచి?"

"కాలవ వైపు నుంచి."

"అది గుర్తెట్టుకో."

చెక్క తడిసి చల్లగా ఉంది. అవతల ఏదో పెద్ద జంతువు ఒళ్ళు రుద్దుకుంటున్నట్టు ఒక్కోసారి లోపలికి ఉబ్బుతోంది. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చేతికి పని దొరికాక ఏడుపు ఆగిపోయిందని మాత్రం గుర్తుంది.

ఉన్నట్టుండి మొత్తం ఆగిపోయింది. అప్పటిదాకా ఎవరి మాట ఎవరికీ వినపడలేదు, ఇప్పుడు మూలనున్న చంటిపిల్ల ఊపిరి కూడా వినిపిస్తోంది. ఎవరో తలుపు తీశారు. బయట వాన లేదు, ఆకాశంలో చుక్కలు కనిపిస్తున్నాయి. గండం గడిచిందని ఆడవాళ్ళు దండం పెట్టుకున్నారు. పక్కింటి బాబాయి లాంతరు పట్టుకుని, చూడి గేదెని వెతుక్కొస్తానని లేచాడు. తాతయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఎక్కడికిరా ఎల్తన్నావు? ఇంకా సగమే అయింది. గాలి ఆగలేదు, తిరుగుతోంది. ఇందాక కాలవ వైపు నుంచి వచ్చిందిగా, ఇప్పుడు సముద్రం వైపు నుంచి వస్తుంది."

బాబాయి వినలేదు. గేదె పోతే నేనెలా బతకాలని ఏడ్చాడు. తాతయ్య ఆయన చేతిలో లాంతరు లాక్కుని ఆర్పేశారు. తర్వాత ఉత్తరం గోడకి ఆనుకుని ఉన్న ధాన్యం బస్తాల్ని జరిపించి కిటికీకి అడ్డం వేయించారు. పిల్లల్ని కిటికీ వైపు నుంచి తలుపు వైపుకి మార్చారు. అందరికీ ఆయన మీద విసుగే.

అరగంట పట్టిందేమో. నా చేతులు తలుపు మీదే ఉన్నాయి, తలుపులో చలనం లేదు. నా వెనక కిటికీ రెక్కలు మాత్రం ఒక్క దెబ్బకి ఊడి బస్తాల మీద పడ్డాయి. మొదటి గాలి కంటే అదే ఎక్కువనిపించింది. ఉత్తరపు గాలికి వంగిపోయి ఉన్న కొబ్బరి చెట్లు దక్షిణపు గాలికి పటపటా విరిగాయి. ఆ మధ్యలో దొరికిన తెరిపికి మా వెనక వీధిలో ఇద్దరు బయటికి వెళ్ళారు. ఒకాయన తిరిగి రాలేదు. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. వేటకి వెళ్ళి తిరిగిరాని మత్స్యకారుల ఇళ్ళలో ఆ ఏడుపులు నెలల తరబడి ఆగలేదు. మా బావుల నీళ్ళు పాడైపోతే నాలుగు రోజులు పడిపోయిన చెట్ల బోండాలే తాగాం.

ఇదంతా తాతయ్యకి ఎలా తెలుసని తర్వాత అడిగాను. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు గౌతమి గోదావరి మీద లాంచీ నడిపే ఒక ముసలి సరంగు చెప్పాడట. సుడి మధ్యలో బొక్క ఉంటుందని, ఆ బొక్కలో ఉన్నంతసేపు చుక్కలు కనిపిస్తాయని, అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుందని. ఆ బొక్కనే తుఫాను కన్ను అంటారని నేను పుస్తకంలో చదివింది చాలా ఏళ్ళ తర్వాత. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చే తుఫాను మధ్యభాగం సరిగ్గా మన మీదుగా వెళితే ముందు ఉత్తరపు గాలి, తర్వాత దక్షిణపు గాలి తగులుతాయి. చదువుకోని సరంగు చెప్పింది అక్షరాలా అదే.

తాతయ్య పోయారు. నేను చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో అద్దెకి చేరాను. ఆ రాత్రి గురించి ఆలోచించడం ఎప్పుడో మానేశాను.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. ముందురోజు రాత్రి బకెట్లు, డ్రమ్ములు, కుక్కర్‌తో సహా అన్నీ నింపుతుంటే మా ఆవిడ, "ట్యాంకు ఉంది కదా, ఎందుకండీ ఇన్ని?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఎందుకు నింపుతున్నానో నాకే తెలియదు, చేతులు ఆ పని చేస్తున్నాయంతే. పొద్దున్నుంచీ ఉత్తరం వైపు అద్దాలు ఒక్కొక్కటీ పగిలాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. మధ్యాహ్నం గాలి తెరిపినిచ్చింది. అపార్ట్‌మెంట్‌లో అందరూ కార్లేమయ్యాయో చూసుకోవడానికి దిగుతున్నారు. వాచ్‌మన్ పిల్లలు అప్పటికే రోడ్డు మీద పడిపోయిన చెట్టెక్కి ఆడుతున్నారు. నేనూ దిగాను.

కింద గ్రిల్ గేటు తీయబోయి దాని మీద రెండు అరచేతులూ పెట్టాను. ఇనుము తడిసి చల్లగా ఉంది. గేటు కదలడం లేదు.

నాకు ఒళ్ళు జలదరించింది. వెనక్కి తిరిగి, "ఇంకా సగమే అయింది, ఎవరూ వెళ్ళకండి" అని గట్టిగా అరిచాను. మా తాతయ్య గొంతు నా నోట్లోంచి వచ్చినట్టుంది. రెండో అంతస్తు పెద్దాయన, "తీరం దాటేసిందని చెప్పారు కదండీ, ఇంకేముంది?" అన్నారు. ఈ మాట దగ్గర చాలామంది మోసపోతారు. తీరం దాటడమంటే తుఫాను మధ్యభాగం నేల మీదకి రావడం. వెనక సగం ఇంకా సముద్రం మీదే ఉంటుంది, ఆ గాలి తర్వాత వస్తుంది. అదే చెప్పాను. నలుగురు ఆగారు, ఇద్దరు విసుక్కుంటూనే మెట్ల మీద కూర్చున్నారు. ఆ పెద్దాయన మాత్రం కారు దాకా వెళ్ళి, నా మీద కోపంతోనే అయినా త్వరగా వచ్చేశారు. వాచ్‌మన్ కుటుంబాన్ని రేకుల షెడ్డు నుంచి మా హాల్లోకి తీసుకొచ్చాం. పరుపులన్నీ దక్షిణం వైపు కిటికీలకి ఆనించాం.

రెండో గాలి ఆ షెడ్డు రేకుల్ని కాగితాల్లా లేపుకుపోయింది. ఆ పిల్లల్లో చిన్నదానికి అప్పుడు నాలుగేళ్ళు. ఆ తర్వాత మా వీధిలో ఆరు రోజులు కరెంటు లేదు, మోటారు తిరగలేదు. ఆ డ్రమ్ముల నీళ్ళు మూడు ఇళ్ళకి సరిపోయాయి.

ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో కూర్చుని తాతయ్య కోసం ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

ఆయన నాకు చెప్పినవి వందల్లో ఉంటాయి. తెల్లారగట్ల లేవమని, లెక్కలు బాగా చదవమని, అప్పు చేయొద్దని. వాటిలో సగం గుర్తు లేవు, మిగతా సగం పాటించలేదు. ఇదొక్కటే ఎందుకు నిలిచిందని చాలాసార్లు ఆలోచించాను. భయపడకు అని చెప్పి ఊరుకుంటే నేను మర్చిపోయేవాణ్ణి. ఆయన నా చేతులు తలుపుకి ఆనించారు, ఎటు నుంచి తోస్తోందని నన్నే అడిగారు, కారణం విడమర్చి చెప్పారు. పదకొండేళ్ళ పిల్లాడితో పెద్దవాడితో మాట్లాడినట్టు మాట్లాడారు.

ఇంకో సంగతి దాచకూడదు. ఇదే తాతయ్య మా అత్తని పదో తరగతితో చదువు మాన్పించారు. ఆడపిల్లకి ఈ మాత్రం చాలన్నారు. లెక్కల్లో మా నాన్నకంటే అత్తే చురుకని ఊళ్ళో అందరికీ తెలుసు. అత్తకి ఇప్పుడు అరవై దాటాయి. ఇప్పటికీ మా పిల్లల పుస్తకాలు చేతికొస్తే కింద పెట్టదు, లెక్కలన్నీ చేసేస్తుంది. ఆ మాట కూడా అన్నేళ్ళూ పనిచేస్తూనే వచ్చింది. తాతయ్యంటే నాకు ప్రాణం. అయినా ఆ విషయంలో ఆయన చేసింది తప్పే. పెద్దవాళ్ళ మాట మంచిదైనా చెడ్డదైనా అంతే దూరం వస్తుంది. ఇప్పుడు మనమే పెద్దవాళ్ళం అవుతున్నాం కాబట్టి ఇది నాకు మరీ ముఖ్యంగా అనిపిస్తుంది.

మీ నాన్నమ్మగారి మాటలు గుర్తు రావడం లేదని కుమిలిపోకండి. మీరు ఆలోచించకుండా చేసే పనుల్ని ఒకసారి గమనించండి. బియ్యం ఎలా కడుగుతారు, ఇంటికొచ్చినవాళ్ళకి మొదట ఏమిస్తారు, కోపమొస్తే ఏం చేస్తారు. ఆవిడ తోటివాళ్ళు ఊళ్ళో ఎవరైనా ఉంటే వెళ్ళి కూర్చుని అడగండి. మా పక్కింటి బాబాయి చెబితేనే నాకు తెలిసింది, ఆ రాత్రి తాతయ్య చేతులు కూడా వణికాయని, లాంతరు ఆర్పింది అది నాకు కనపడకూడదనేనని.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా చెల్లెలి వాళ్ళు ఉండేది బాపట్లలోనే. మధ్యాహ్నం మేనకోడలు ఫోన్ చేసింది.

"మామయ్యా, గాలి కాస్త తగ్గింది. పక్కింటి పిల్లలంతా డాబా ఎక్కుతున్నారు, నేనూ వెళ్ళనా?"

"కిటికీ ఊచకి ఒక దారం కట్టు. ఇందాక గాలి ఎటు నుంచి వచ్చింది?"

"అదేంటి, ఎందుకు?"

కారణం చెప్పాను. మొత్తం చెప్పాను, సరంగు దగ్గర్నుంచి. మధ్యలో లైన్ తెగిపోయింది. సాయంత్రం దాకా నాకు కాలు నిలవలేదు. చీకటి పడ్డాక ఒక మెసేజ్ వచ్చింది.

"దారం తిరిగింది మామయ్యా. ఎవర్నీ వెళ్ళనివ్వలేదు."