వంతెన వస్తే రేవు మూసెయ్యాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది సఖినేటిపల్లి. మా అమ్మాయి రోజూ పంటు (మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి నరసాపురం వెళ్లి ఇంటర్ చదువుతోంది. వరదొస్తే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటున్న మా తమ్ముడు గోల్డెన్ గేట్ వంతెన ఫోటో పంపి, ‘ఇలాంటిది మన రేవులో కడితే ఇంక పడవతో పనేముంది అక్కా’ అన్నాడు. నిజంగా పని ఉండదంటారా?

– ఒక పాఠకురాలు

జవాబు: వంతెన కావాలమ్మా, అందులో నాకు రెండో మాట లేదు. మీ రేవులో నేనూ నిలబడ్డాను. బండి ముందు చక్రం పక్కవాడి సైలెన్సర్‌కి తగలకుండా రెండు కాళ్లూ ఆనించి పట్టుకుని, ఎదురుగా కనిపిస్తున్న ఒడ్డుకు చేరలేక కాలేజీ పిల్లలు గడియారం చూసుకుంటుంటే మనకే టెన్షన్ వస్తుంది. కానీ వంతెన వస్తే పంటు అక్కర్లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే మీ తమ్ముడుండే ఊళ్లోనే అది తప్పని తేలింది.

శాన్‌ఫ్రాన్సిస్కోకి మూడు పక్కలా నీళ్లే. తూర్పున బే (సముద్రపు పాయ) అవతలున్న ఓక్లాండ్ నుంచో, ఉత్తరం ఒడ్డున సాసలిటో నుంచో కార్లు కూడా పడవెక్కే వచ్చేవి. 1936 నవంబరులో ఓక్లాండ్ వైపు బే బ్రిడ్జి, 1937 మేలో ఉత్తరం వైపు గోల్డెన్ గేట్ తెరిచారు. జనం కార్లకు మళ్లారు, పడవలు ఖాళీ అయ్యాయి. సాసలిటో పడవలు 1941లో, ఓక్లాండ్ పడవలు 1958లో ఆగిపోయాయి. బే బ్రిడ్జి కింది అంతస్తులో రైళ్లుండేవి, వాటినీ 1958లోనే ఆపేసి ఆ జాగా బండ్లకిచ్చేశారు. తీరా చూస్తే ఆ రైలు లేని లోటు పూడ్చడానికి బే అడుగున గొట్టం వేసి 1974లో మళ్లీ రైలు నడపాల్సొచ్చింది. సరిగ్గా అదే ఏడాది మన కొవ్వూరు–రాజమండ్రి వంతెన వచ్చింది, కింద రైలు, పైన బస్సు. మనవాళ్లు ఆ రెండూ ఉంచుకున్నారు, నాకు దాని మీద ఎంత ప్రేమో చెప్పలేను.

పడవల సంగతీ అంతే. గోల్డెన్ గేట్ మీద ఉన్నవి ఆరు లైన్లు, కార్లు పెరిగే కొద్దీ అవి చాల్లేదు. దాంతో ఆ వంతెన చూసుకునే సంస్థే 1970లో సాసలిటోకి పడవలు మొదలుపెట్టింది. వంతెన మీద వసూలయ్యే టోల్ డబ్బులో కొంత ఈనాటికీ ఆ పడవలకీ బస్సులకీ వెళుతుంది. 1989 భూకంపంలో బే బ్రిడ్జి పై అంతస్తులో ఒక ముక్క కూలి, నెల రోజులు రాకపోకలు ఆగిపోతే ఓక్లాండ్ జనాన్ని దాటించడానికి మళ్లీ పడవలే దిగాయి.

మన దగ్గర చూడండి. యానాం–ఎదుర్లంక వంతెన లేనప్పుడు అమలాపురం నుంచి కాకినాడ వెళ్లాలంటే రేవు దాటాలి, లేదా రావులపాలెం చుట్టు తిరగాలి. ఇప్పుడు బస్సు యానాం మీదుగా తిన్నగా పోతుంది, కోనసీమకు కాకినాడ దగ్గరైపోయింది. అయినా ముక్తేశ్వరం–కోటిపల్లి రేవులో పంటు అవసరం పోలేదు. అక్కడివాళ్లకి ఎదురుగా కోటిపల్లి కనిపిస్తుంటే యానాం దాకా ఎవరు తిరుగుతారు?

మీ దగ్గరా ఇదే వస్తుంది. కింద పడవలు పోవాలి కాబట్టి వంతెన ఎత్తుగా కట్టాలి, ఎత్తుంటే దాన్ని ఎక్కే రోడ్డు పొడుగవుతుంది, అది ఎక్కడో హైవేకి కలుస్తుంది గానీ రేవు పక్కన దిగదు. బండి ఉన్నవాడికి ఫర్వాలేదు. నెత్తిన చేపల తట్టతో నడిచొచ్చే ఆవిడ ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి? అందుకే వంతెన గురించి మీటింగు పెట్టినప్పుడు మీరు వెళ్లి మూడు అడగండి: నడిచేవాళ్లకి పక్కన దారి, రెండు చివర్లా బస్సు ఆగే చోటు, రేవులో కనీసం మనుషుల వరకైనా పంటు. అలా అడిగిన ఆడవాళ్లు నలుగురుంటే చాలు, రాసుకోక తప్పదు.

ఈలోగా అమ్మాయి పరీక్షలప్పుడు గోదావరి పెరుగుతోందని తెలిస్తే పంటు కోసం చూడకండి, ముందు రోజే నరసాపురంలో చుట్టాలింట్లో దింపేయండి.